ధర్మం పద్దు

మా నాన్న గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్లో గుమాస్తా. రైతుకి ఆయన రాసిచ్చే పట్టీలో పైన సరుకు ఖరీదు ఉండేది. దాని కింద వరసగా కోతలు: కమీషను, కాటా కూలి, హమాలీ, పాత బాకీ, ఆ బాకీ మీద వడ్డీ. అన్నీ అయ్యాక అడుగున ఇంకో చిన్న పద్దు, ధర్మం. టిక్కీకి, అంటే మిర్చి బస్తాకి, ఇన్ని పైసలని. ఏడాది పొడుగునా అలా పోగైన పైసలన్నీ ఆవర్జా అనే పెద్ద లెక్కల పుస్తకంలో ధర్మం ఖాతాకి జమయ్యేవి. ఎండాకాలం చలివేంద్రం, శ్రీరామనవమి పందిరి, సత్రంలో అన్నదానం, ఎవరో పేదింటి పిల్ల పెళ్ళికి మంగళసూత్రాలు, అన్నీ అందులోంచే. పోయేది రైతు డబ్బు, పేరు షావుకారుగారిది.

నా బీకాం ఫీజు కూడా ఆ ఖాతాలోంచే కట్టారు. "నా జీతంలో అడ్వాన్సు కింద రాసుకుంటానండీ" అని నాన్న అంటే, "ఎందుకయ్యా, ధర్మంలో రాసెయ్" అన్నారట షావుకారుగారు. నాన్న సంబరంగా ఇంటికొచ్చి చెప్పారు. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేవకుండానే, "ఆ జీతమేదో పెంచితే ఫీజు మనమే కట్టుకుందుం కదా" అంది. నాన్న ఏమీ అనలేదు. మర్నాడు కొట్టుకెళ్ళి, "గుమాస్తాగారి అబ్బాయి కాలేజీ ఫీజు" అని తన దస్తూరీతోనే చిట్టాలో రాసుకున్నారు. ఆ తర్వాత నేను ముప్ఫై ఏళ్ళకి పైగా లెక్కలు రాసే బతికాను. ఏ డబ్బు ఏ పద్దు కింద పడుతోందో చూడటం నాకు అమ్మ మాటతోనే అలవాటైంది.

ఈ కోత మా ఊళ్ళోనే కాదు, దేశమంతా ఉండేది. ఉత్తరాదిలో ధర్మాదా అంటారు. అది వ్యాపారి ఆదాయమేనని ఇన్‌కంటాక్స్ వాళ్ళు, కాదని ఒక నూలు మిల్లు వాళ్ళు పేచీ పడి సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. దానధర్మాలకని చెప్పి వసూలు చేసిన సొమ్ము వ్యాపారి ఆదాయం కాదని, దాన్ని ఆయన ఆ పనికే వాడాలని 1978లో తీర్పొచ్చింది. నాన్నకి ఈ తీర్పు సంగతి ఎవరో ఆడిటరు చెబితే, దాన్ని గుర్తుపెట్టుకుని రైతులకి కూడా చెప్పేవారు. రైతులకి ఆ తీర్పుతో పనేముంది?

పల్నాడు నుంచి వచ్చే ఒక పెద్దాయన ఉండేవాడు. పంచె పైకి కట్టి, తువ్వాలు తలకి చుట్టి, పట్టీ చేతికి రాగానే చదివించుకునేవాడు. ఒకసారి సెలవుల్లో నేను కొట్లో ఉన్నప్పుడు నన్నే చదవమన్నాడు. ధర్మం దగ్గరకి రాగానే చెయ్యెత్తి ఆపాడు.

"ఏందయ్యా గుమాస్తా, నా ధర్మం నేను చేసుకోలేనా? మధ్యలో మీరు కోసేదేంది?"

"రాసేదే నేను పెద్దాయనా. షావుకారుగారు లోపలే ఉన్నారు, ఆయన్నే అడుగు" అన్నారు నాన్న.

అడిగాడు. గద్దె మీద కూర్చున్న షావుకారుగారు నవ్వి, "నిరుడు మీ ఊరి గుడికి మైకు సెట్టు కొనిపెట్టింది ఎవరి డబ్బయ్యా?" అన్నారు.

"నాదేగా! మరి దాని మీద నీ పేరెందుకు రాయించావు?"

కొట్లో ఉన్న ముఠా కూలీలతో సహా అందరూ గొల్లున నవ్వారు. షావుకారుగారికి మొదట మొహం ఎర్రబడింది, తర్వాత ఆయనా నవ్వాడు. ఆ ఏడు మైకు డబ్బా మీద పాత పేరు చెరిపించి "మిరప రైతులు" అని రాయించారు. తెలుపు రంగుతో, వంకర అక్షరాల్లో.

అలాగని ఆ రోజుల్ని నెత్తిన పెట్టుకోమని చెప్పడం లేదు. అదే షావుకారు నారు పోసే ముందు పెట్టుబడికి అప్పిచ్చేవాడు. అప్పున్న రైతు సరుకు వేరే కొట్లో దించడానికి లేదు. తేమ ఉందని తరుగు, తాలు ఉందని ఇంకో తరుగు. మూడేళ్ళు వరసగా పంట బాగా పండినా బాకీ తీరని కుటుంబాలు నాన్న ఆవర్జాలో పేజీలకి పేజీలు ఉండేవి. ఎండలో మజ్జిగ పోసిన చెయ్యీ, వడ్డీ మీద వడ్డీ కట్టిన చెయ్యీ ఒకటే. కానీ ఆ చెయ్యి ఎవరిదో, ఎక్కడ కూర్చుంటాడో, ఏ వేళకి గద్దె మీద దొరుకుతాడో రైతుకి తెలుసు. వెళ్ళి గొడవ పెట్టుకోవచ్చు.

గొడవ పెట్టుకోలేని వాళ్ళు ఇంకొకళ్ళున్నారు. ముచ్చికలు తీసే ఆడవాళ్ళు. మా ఎదురింటి పిన్ని పొద్దున్నే క్యారేజీ కట్టుకుని షెడ్డుకి పోయేది. అక్కడ ఎర్రటి కుప్పల ముందు బారుగా కూర్చుని, ఒక్కో కాయకీ తొడిమ తుంచి అవతలికి వెయ్యాలి. కూలి కిలోల లెక్కన. నోటికీ ముక్కుకీ కొంగు చుట్టుకునేవాళ్ళు, అంతకు మించి అడ్డం ఏమీ లేదు. పనికి పోయే ముందు వేళ్ళకి ఆముదం రాసుకునేది పిన్ని. సాయంత్రం ఇంటికి రాగానే చేతులు మజ్జిగ గిన్నెలో పెట్టి, మణికట్ల దాకా ముంచి, కళ్ళు మూసుకుని కూర్చునేది. చిన్న కొడుకు ఒళ్ళోకి వస్తే మోచేతులతో తోసేసేది, ముట్టుకుంటే వాడికి మండుతుందని. వాడు ఏడుస్తుంటే మా అమ్మ వెళ్ళి ఎత్తుకునేది.

మా ఇంట్లోనూ మిర్చి వాసన తప్పేది కాదు. నాన్న చొక్కా గుమ్మం బయటే విప్పి దండెం మీద వెయ్యాలి. అమ్మ దాన్ని దులిపేటప్పుడు వీధిలో పోయే వాళ్ళకి తుమ్ములొచ్చేవి. బ్రాడీపేట నుంచి వచ్చిన మా చుట్టాలు మెట్ల మీదే కూర్చుని మాట్లాడి వెళ్ళిపోయేవాళ్ళు.

ప్రపంచీకరణ అంటే 1991 అని ఇప్పుడు పుస్తకాల్లో రాస్తారు. గుంటూరు వాళ్ళకి అది కొంచెం నవ్వు తెప్పించే మాట. మిరపకాయ 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలెక్కి అమెరికా ఖండం నుంచి వచ్చింది. పొగాకూ అక్కడిదే. సిగరెట్టు ఆకు కోసం ఇంపీరియల్ టొబాకో వాళ్ళు ఐఎల్‌టీడీ అనే కంపెనీని 1912లోనే గుంటూరు జిల్లాలో దింపారు. మా నాయనమ్మ పొగాకు గోడౌన్లో ఆకు గ్రేడింగు చేసేది. ఆ ఆకు లండన్‌లో ఎవరు కాల్చేవాళ్ళో ఆవిడకి తెలియదు. మా ఊరి పని మనుషుల కూలి ఎక్కడో సముద్రాల అవతల ధరని బట్టి ఉండటం నూరేళ్ళ నాటి సంగతే. 1976లో టొబాకో బోర్డు పెట్టినప్పుడు దాని ప్రధాన కార్యాలయం గుంటూరుకి వచ్చిందంటే ఊరికే రాలేదు.

కాకపోతే 90ల తర్వాత వేగం పెరిగింది. 1993లో పార్లే వాళ్ళు తమ కూల్‌డ్రింకులన్నీ కోకాకోలాకి అమ్మేశారు. కొన్నాళ్ళకి గోల్డ్‌స్పాట్ కనపడకుండా పోయింది. మా కుర్రకారుకి ఆ రోజుల్లో అదే పెద్ద దుఃఖం. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ, డబ్ల్యూటీవో, వచ్చింది. మిర్చి యార్డులో మాటలు మారడం నాకు బాగా గుర్తు. అంతకు ముందు కొట్లో వినపడే ఊళ్ళు మద్రాసు, కలకత్తా, మహా అయితే కొలంబో. తర్వాత ఢాకా, బ్యాంకాక్, ఆ తర్వాత చైనా. తేజ రకం కాయ సన్నగా, చూపుకి మామూలుగా ఉంటుంది గానీ ఘాటు ఎక్కువ. ఆ ఘాటునీ రంగునీ పిండి ఒలియోరెజిన్ తీసే ఫ్యాక్టరీలు దానికోసం ఎగబడ్డాయి. రైతులు చైనా వాళ్ళు కొంటున్నారా లేదా అని పొద్దున్నే అడిగి తెలుసుకుని అప్పుడు టిక్కీలు లారీకెత్తేవాళ్ళు. చుట్టుగుంట వైపు, నగరం చుట్టూ కోల్డ్ స్టోరేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి.

నేను అప్పటికే ఒక ఎగుమతి కంపెనీలో అకౌంట్స్‌లో చేరాను. నాన్నకి సంతోషం, కొంచెం అనుమానం కూడా. "షావుకారు ఎవరు?" అని అడిగారు. ఎండీ హైదరాబాదులో ఉంటారని, వాటాలు ఇంకా ఎవరెవరి దగ్గరో ఉన్నాయని చెప్పాను. "అయితే తేడా వస్తే ఎవరితో మాట్లాడతావు?" అన్నారు. హెచ్‌ఆర్ అని ఒకళ్ళుంటారని చెప్పాను. ఆయనకి అర్థం కాలేదు. నాకూ తర్వాత అంతగా అర్థం కాలేదనుకోండి.

2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో వందల రకాల తిండి పదార్థాలు షాపుల్లోంచి వెనక్కి తీయించారు. ఒక సాస్‌లో వాడిన కారప్పొడిలో సూడాన్ అనే రంగు దొరికింది. మైనానికీ నూనెలకీ వేసే రంగు అది. ఆ కారప్పొడి వెళ్ళింది మన దేశం నుంచే. ఇక చూడండి మా ఆఫీసులో టెన్షన్. ప్రతి కన్‌సైన్‌మెంటుకీ పరీక్ష, ప్రతి పరీక్షకీ సర్టిఫికెట్టు. సూడాన్‌తో పాటు అఫ్లాటాక్సిన్ కూడా చూడాలి. తేమ తగిలిన కాయ మీద పట్టే బూజు వల్ల పుట్టే విషం అది. యూరప్ వాళ్ళు కిలో మిర్చికి 10 మైక్రోగ్రాములకి మించితే ఒప్పుకోరు. నాన్న తరం గుమాస్తాలు కాయని గుప్పిట్లో నలిపి, గలగల చప్పుడు విని, వాసన చూసి రకం చెప్పేవాళ్ళు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల్లో ఒక వంతు అని నేను చెబితే ఆయన చాలాసేపు ఆలోచించి, "అంత సన్నగా చూసేవాడు ధర కూడా అంత సన్నగానే చూస్తాడు" అన్నారు.

ధర్మం పద్దు ఈలోగా పట్టీల్లోంచి పోయింది. మార్కెట్ కమిటీ ఒప్పుకున్న కోతలు తప్ప ఇంకేవీ రాయకూడదని గట్టిగా పట్టుకున్నారు, కంప్యూటర్ బిల్లులు వచ్చాయి. మా పాత కొట్టులో చలివేంద్రం కొన్నాళ్ళు షావుకారుగారి సొంత డబ్బుతో నడిచింది. ఆయన పోయాక అబ్బాయిలు రియల్ ఎస్టేట్‌లోకి వెళ్ళిపోయారు.

మధ్యలో మా ఇంటి సంగతొకటి చెప్పాలి. మా పెద్దబావగారికి రక్త క్యాన్సరని తేలింది. రోజూ వేసుకోవాల్సిన మాత్ర ఉందని, అది వేసుకుంటే మామూలుగా బతకొచ్చని డాక్టరు చెప్పారు. విదేశీ కంపెనీ మాత్ర అయితే నెలకి లక్షా 20 వేల దాకా. మన దేశంలో తయారైనదైతే పది వేల లోపు. మా అక్క రెండో అంకె విన్న తర్వాతే కుర్చీలో కూర్చుంది. ఆ మాత్రని చౌకగా చేసిన కంపెనీల్లో నాట్కో ఒకటి. దాన్ని పెట్టిన నన్నపనేని వెంకయ్యచౌదరిగారిది పొన్నూరు దగ్గర గొల్లమూడిపాడు. డబ్ల్యూటీవో ఒప్పందం ప్రకారం 2005 నుంచి మన దేశంలోనూ తయారీ పద్ధతికే కాక మందుకే పేటెంట్లు ఇవ్వడం మళ్ళీ మొదలైంది. ఈ మందుకి మాత్రం ఇవ్వలేదు. పాత మందుకి కొంచెం రూపం మార్చినంత మాత్రాన కొత్త పేటెంటు ఇవ్వకూడదని మన చట్టంలో ఒక సెక్షన్ ఉంది. దాని ఆధారంగానే 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ విదేశీ కంపెనీ నోవార్టిస్ వేసిన కేసు కొట్టేసింది. ఆ రోజు బావగారు టీవీ ముందు కూర్చుని, ఇంగ్లిషు సగమే అర్థమైనా, అన్ని ఛానళ్ళూ తిప్పి తిప్పి అదే వార్త చూశారు.

దానికి ఏడాది ముందే, 2012 మార్చిలో, ఇంకో క్యాన్సర్ మందు విషయంలో నాట్కోకి దేశంలోనే మొదటి కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంటు ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా తయారు చేసుకునే అనుమతి, వచ్చింది. బేయర్ కంపెనీ నెలకి సుమారు 2 లక్షల 80 వేలకి అమ్ముతున్న మందుని 8,880కి మించకుండా ఇవ్వాలని షరతు.

గుంటూరు ప్రభుత్వాసుపత్రి, జీజీహెచ్‌కి వెళ్ళినప్పుడు ఇప్పుడు నేను గోడల మీద పేర్లు చదువుతూ నడుస్తాను. పొదిల ప్రసాద్ మిలీనియం బ్లాక్, అమెరికాలో స్థిరపడ్డ డాక్టరుగారి విరాళం. నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ కేంద్రం. అమెరికా వెళ్ళిన గుంటూరు మెడికల్ కాలేజీ పూర్వవిద్యార్థులు, జింకానా వాళ్ళు, తల్లీపిల్లల భవనానికి ముందుకొచ్చారు. ఊళ్ళోంచి వెళ్ళిపోయిన చదువూ డబ్బూ ఆ గోడల రూపంలో కొంత వెనక్కి వచ్చాయి. నాకు వాటిని చూస్తే గర్వంగానే ఉంటుంది. కానీ మా బావగారు పదేళ్ళకి పైగా బతికింది మాత్రం ఆ మాత్ర ధర వల్ల. అది ఏ దానం పద్దులోనూ ఉండదు. కంపెనీ లెక్కల్లో అది ఉత్త అమ్మకం.

ఇక సీఎస్‌ఆర్. కార్పొరేట్ సామాజిక బాధ్యత అన్నమాట. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవరు 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ, గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. కమీషన్ కొట్లు కంపెనీలు కావు కాబట్టి వాటికి ఇది వర్తించదు. మాకు లాభం 5 కోట్లు దాటి లెక్కలోకి వచ్చాం. రిజిస్టరు నా బల్ల మీదకి వచ్చింది. నాన్న అప్పటికి బాగా పెద్దవారైపోయారు. విషయం చెబితే, "రైతు పట్టీలో కోయరు కదా?" అని ఒక్కటే అడిగారు. కోయరని చెప్పాను. "మరి లాభం ఎక్కడిది?" అన్నారు. ఎనభై దాటినా గుమాస్తా గుమాస్తాయే.

చట్టాన్ని నేను శ్రద్ధగా చదివాను. మంచి విషయాలే ఎక్కువ ఉన్నాయి. చదువు, వైద్యం, మంచినీళ్ళు, పల్లెల అభివృద్ధి. షావుకారుగారి ఇష్టాయిష్టాలతో పని లేదు, ఏడాదికింత అని లెక్క, బోర్డు రిపోర్టులో చూపించాలి. కానీ రెండు చోట్ల నా పెన్సిలు ఆగింది. కంపెనీ మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పనులు లెక్కలోకి రావు. సొంత ఉద్యోగులకీ వాళ్ళ కుటుంబాలకీ మాత్రమే పనికొచ్చేవీ రావని అప్పటి నిబంధన. ఆ నిబంధన ఎందుకు పెట్టారో తెలుసు. లేకపోతే ఆఫీసు క్యాంటీను ఖర్చు కూడా సమాజ సేవ అని రాసేవాళ్ళు మావాళ్ళు. అయినా మా అమ్మ పొయ్యి దగ్గర అన్న మాట అక్కడ నాకు మళ్ళీ వినపడింది.

మా షెడ్డు ఉన్న ఊళ్ళో ఆర్వో ప్లాంటు పెట్టించాం. రిబ్బను, పూలదండలు, కొబ్బరికాయ, ఫ్లెక్సీ. హైదరాబాదు నుంచి వచ్చిన కన్సల్టెంటు కుర్రాడు చురుకైనవాడు. ఫోటోలో తేదీ, ప్రదేశం పడేలా ఫోన్ సెట్ చేసుకుని, ముచ్చికలు తీసే ఆడవాళ్ళని నలుగురిని పిలిచి బిందెలతో నిలబెట్టాడు. ఫోటో అయ్యాక ఒకావిడ కదల్లేదు.

"సారూ, నీళ్ళు బాగున్నయ్యి. ఆ షెడ్డులో గాలి బయటికి లాగే ఫ్యాన్లు పెట్టిచ్చండి. దుమ్ముకి ఊపిరాడట్లా."

"అది సీఎస్‌ఆర్‌లోకి రాదమ్మా" అన్నాడు కుర్రాడు, మర్యాదగానే.

"మరి దేంట్లోకి వచ్చిద్ది?"

అతను నా వైపు చూశాడు. ఆవిడ కూడా నా వైపే చూసింది. కొంగు మెడ దాకా జారింది. ముక్కు చుట్టూ ఎర్రటి పొడి గీతలా అంటుకుని ఉంది, కొంగు కట్టిన మేర. వేళ్ళ చివర్లు ఒలిచినట్టున్నాయి. మా ఎదురింటి పిన్ని చేతులు అచ్చం అలాగే ఉండేవి. మధ్యలో ఎన్ని దేశాల సర్టిఫికెట్లు వచ్చాయి, కాయలో విషాన్ని మైక్రోగ్రాముల్లో కొలిచారు, ఆ కాయని ఒలిచే మనిషి పీల్చే దుమ్ముని కొలిచిన కాగితం మాత్రం నా బల్ల మీదకి ఒక్కటీ రాలేదు.

ఫ్యాన్లు "మరమ్మతులు, నిర్వహణ" కింద రాశాను. ఎవరూ అడగలేదు. సీఎస్‌ఆర్ కాగితమైతే అప్పట్లో కమిటీకి వెళ్ళాలి, బోర్డుకి వెళ్ళాలి, ఏజెన్సీ రిపోర్టు ఇవ్వాలి. రిపేరు బిల్లుకి మా ఫ్యాక్టరీ మేనేజరు సంతకం చాలు. ఈ కిటుకు తెలుసుకోవడానికి నాకు కంపెనీల చట్టం మొత్తం చదవాల్సి వచ్చింది.

ఇంకో తిరకాసు ఉంది. కంపెనీ పనిచేసే చోటికే, చుట్టుపక్కల ప్రాంతాలకే ప్రాధాన్యం ఇవ్వాలంటుంది చట్టం. న్యాయమే. కానీ మిరపకోతలకి వచ్చే కూలీల్లో చాలామంది కర్నూలు జిల్లా పడమటి మండలాల వాళ్ళు. ఆదోని, కోసిగి వైపు నుంచి పిల్లాపాపలతో, మూటాముల్లెతో లారీల్లో దిగుతారు. చేల గట్ల మీద పట్టాలు కట్టుకుని సీజనంతా ఉంటారు. బళ్ళో పేరున్న పిల్లలు ఇక్కడ తమ్ముణ్ణో చెల్లెల్నో ఎత్తుకుని చేల వెంట తిరుగుతుంటారు. మేం ఫ్యాక్టరీ పక్క బడికి డిజిటల్ క్లాస్‌రూమ్ ఇచ్చాం. కోసిగి బడిలో ఆ మూడు నెలలు బెంచీలు ఖాళీగా ఉండేవి. రెండు సంగతులూ ఒకే మిరపకాయకి సంబంధించినవని రిపోర్టులో రాయడానికి గడి లేదు.

నేను రిటైరయ్యాక పద్దులు వదిలిపెట్టినా మిర్చి వదల్లేదు. మా చెల్లెలి కొడుకు పెదనందిపాడు దగ్గర సేద్యం చేస్తాడు. 2021లో వాడి చేలో పూతంతా ముడుచుకుపోయి రాలింది. నల్ల తామర పురుగు. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పురుగట, మన దేశంలో మొదట 2015లో బెంగళూరు వైపు బొప్పాయి మీద కనిపించింది. వాడు కొట్టని మందు లేదు. పంట పోయిన వాళ్ళు పోగా, మిగిలిన వాళ్ళకి ధర వచ్చింది. 2023లో తేజ క్వింటాలు 20 వేలు దాటింది. ఆ ధర చూసి అందరూ మిరపే వేశారు. 2025 మొదట్లో చూస్తే ధర సగానికి పడిపోయింది. మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలని ప్రకటించింది. వాడి సరుకు అప్పుడు కోల్డ్ స్టోరేజీలో ఉంది, అద్దె పెరుగుతూ ఉంది.

మొన్న సంక్రాంతికి ఇంటికొచ్చి, అరిసె చేతిలో పట్టుకునే అడిగాడు. "మామయ్యా, కంపెనీలోళ్ళు ఊళ్ళకి ఏమేమో ఇస్తన్నారంట. మనకో సిమెంటు కల్లం కట్టిచ్చమని అర్జీ రాసిపెట్టు. నేల మీద ఆరబోస్తే మంచుకి బూజు పడతంది, బూజు పడితే వాళ్ళే కొనట్లా."

కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాను. అఫ్లాటాక్సిన్ మాట ఎక్కడా రానివ్వలేదు. అది రాస్తే కంపెనీ కొనే సరుకు బాగుపడటానికని అర్థం, అంటే వ్యాపారం, అంటే పద్దు మారిపోతుంది. "గ్రామీణాభివృద్ధిలో భాగంగా, ఎవరికి అమ్ముకునే రైతులైనా వాడుకునేలా, ఊరుమ్మడి కల్లం" అని రాశాను. చట్టంలో ఇలాంటి పనుల జాబితా ఉన్న ఏడో షెడ్యూలు కింద ఎక్కడ పడుతుందో కూడా వేశాను.

వాడు చదివి మొహం చిట్లించాడు. "ఊరుమ్మడి అని రాశావేంది? మన చేను పక్కన కట్టిచ్చమని కదా నే చెప్పింది."

"నీ చేను పక్కనే కట్టిస్తే నీకే ఇచ్చినట్టురా. ఊరందరికీ అంటేనే ఒప్పుకుంటారు. పంచాయతీ స్థలం చూపించి తీర్మానం చేయించు."

"పంచాయతీ స్థలంలో ప్రెసిడెంటు గేదెలు కట్టేసుకున్నాడు మామయ్యా."

"అయితే ముందు ఆయన సంతకం పెట్టించు, గేదెల సంగతి తర్వాత."

కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. ప్రెసిడెంటు సంతకానికి అభ్యంతరం లేదన్నాడట, కల్లంలో ఒక మూల కొట్టం వేసుకోనిస్తే. అది ఏ పద్దు కిందకి వస్తుందో కనుక్కోమని నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు.